గిటార్లు కొనాలన్న యావ తగ్గడం లేదు: అవసరమేదో, ఆశ ఏదో తేల్చుకునేదెలా?

ప్రశ్న: ఆరుతీగలు (అనంతపురం)

నేను అనంతపురంలో ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిని. చదువుకునే రోజుల నుంచి గిటారు వాయిస్తున్నాను. కచేరీలు చేసే స్థాయి కాదు గానీ, సాయంత్రం కాసేపు వాయిస్తే మనసు కుదుటపడుతుంది. ఇంట్లో ఒక అకౌస్టిక్ గిటారు, రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, ఒక బేస్ గిటారు, ఒక చిన్న యాంప్ (ధ్వనిని పెంచి వినిపించే పెట్టె), ఒక అట్టపెట్టె నిండా పెడళ్లు (ధ్వనిని మార్చే, కాలితో నొక్కే పరికరాలు) ఉన్నాయి. అయినా రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోను చేతిలోకి తీసుకుంటే, వేలు నేరుగా అమ్మకాల పేజీల మీదికే పోతుంది. పని మీద బెంగళూరు వెళ్తే, తిరుగు బస్సెక్కేలోగా ఏదో ఒక వాద్యాల దుకాణంలో తేలుతాను.

కొత్త గిటారు వచ్చిన రోజున ఇంట్లో పండుగే. పెట్టె టేపు కోసి, థర్మాకోల్ ముక్కల మధ్య నుంచి మెడ పట్టుకుని జాగ్రత్తగా పైకి తీసి, పిక్‌గార్డు (గీతలు పడకుండా ఒంటి మీద అమర్చే పలక) మీది పల్చని ప్లాస్టిక్ పొరను ఒలిచేయడానికి మనసొప్పక అలాగే ఉంచుతాను. కొంతకాలం రోజూ వాయిస్తాను. ఆ తరువాత అదీ మంచం కిందికి చేరుతుంది, దాని కేసు మీద కూడా మన ఊరి ఎర్రదుమ్ము పేరుకుంటుంది.

ఇప్పుడు కొత్త యాంప్ మీదా, ఏడు తీగల గిటారు మీదా కన్ను పడింది. కారణాలు లేకపోలేదు. పాత ఎలక్ట్రిక్ గిటారు మెడ అంచున ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా దిగగొట్టిన లోహపు కడ్డీల) కొసలు చేతికి గీసుకుంటున్నాయి. యాంప్ నుంచి వచ్చే ధ్వని వీడియోలలో విన్నంత నిండుగా లేదు. పైగా ఎప్పుడూ సన్నటి హమ్ (గుంయిమనే శబ్దం) ఒకటి వినబడుతూనే ఉంటుంది. ఇవి నిజమైన లోపాలా, లేక కొనడానికి నా మనసు వెతుక్కుంటున్న సాకులా? తేల్చుకోవడానికి అనుభవజ్ఞులు ఏదైనా దారి చెప్పగలరని మనవి.

సమాధానం 1: పాతవీణ (కర్నూలు)

ఆరుతీగలు గారూ, "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెతను మీ విషయంలో నేను వాడను, ఎందుకంటే మీ మద్దెలలో నిజంగానే లోపం ఉంది. అయితే ఆ లోపం కొత్త మద్దెలకు కూడా వచ్చేదే. ఉద్యోగ విరమణ తరువాత ఇంటి వద్ద వీణలకూ గిటార్లకూ మరమ్మతులు చేస్తున్నాను కనుక, ముందుగా ఆ ఫ్రెట్ల సంగతి చెబుతాను.

గిటారు తయారీదారులు సాధారణంగా 45 నుంచి 55 శాతం సాపేక్ష తేమలో వాద్యాన్ని ఉంచమని సూచిస్తారు. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటైన అనంతపురంలో ఎండాకాలపు మధ్యాహ్నం గాలిలో అంత తేమ ఎక్కడిది? ఆరిపోయిన కర్ర తన పొడవులో దాదాపు మారదు గానీ, వెడల్పులో ముడుచుకుంటుంది. దానిలో దిగగొట్టిన ఫ్రెట్ లోహం కనుక ముడుచుకోదు. కర్ర లోపలికి జరిగి లోహం బయట మిగిలిపోవడం వల్లనే మీ చేతికి ఆ గీత పడుతోంది. అకౌస్టిక్ గిటారుకైతే పై పలక కూడా కొద్దిగా కుంగి, తీగలు ఫ్రెట్లకు దగ్గరై జర్రుమంటాయి. ఎంత ఖరీదైన గిటారు తెచ్చినా, దానిని అదే గదిలో ఉంచితే వచ్చే వేసవికి దాని పరిస్థితీ అంతే.

కాబట్టి ముందు వంద రూపాయల ఆకురాయికి పని చెప్పకండి. గిటారును కేసులోనే ఉంచండి. రంధ్రాలు చేసిన సబ్బుపెట్టెలో, తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్కను పెట్టి, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మెడ పైకొస) కింద ఖాళీ స్థలంలో ఉంచండి. నీటి చుక్క కర్రకు తగలకూడదు. చిన్న తేమ కొలమానం ఒకటి కేసులో వేసుకుంటే ఊహాగానాలతో పని ఉండదు. రెండు మూడు వారాలకు కర్ర కొంత కోలుకుంటుంది, అప్పటికీ మిగిలిన కొసలనే ఆకురాయితో నునుపు చేయించండి. ఎండిపోయి ఉన్నప్పుడే అరగదీస్తే, వానాకాలంలో కర్ర ఉబ్బినప్పుడు ఫ్రెట్ కొస అంచుకు చాలక, చివరి తీగ పక్కకు జారిపోతుంది. గదిలో నీళ్ల కూలర్ ఉంటే తేమకు మేలే గానీ దాని గాలి నేరుగా వాద్యం మీదికి కొట్టకూడదు. ఏసీ గదిలో గాలి మరింత పొడిబారుతుంది.

అదే చేత్తో మెడ వంపు కూడా చూడండి. లావు తీగను మొదటి ఫ్రెట్ వద్ద ఒక వేలితోనూ, మెడ ఒంటికి కలిసే చోట మరో వేలితోనూ నొక్కి పట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగ కింద ఎంత సందు ఉందో గమనించండి. ఒక విజిటింగ్ కార్డు మందం ఉంటే సరిపోతుంది. సందే లేకపోతే మెడ లోపలి లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను పావు చుట్టు వదులు చేసి ఒక రోజు ఆగండి, ఒక్కసారిగా తిప్పవద్దు. అలవాటు లేకపోతే తెలిసినవారి చేత చేయించడం మంచిది. కొత్త గిటారు చేతికి హాయిగా అనిపించడానికి చాలాసార్లు కారణం కొత్త తీగలూ, సరిగా అమర్చిన యాక్షనూ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) మాత్రమే. ఆ రెండూ మీ పాత గిటారుకూ దక్కవలసినవే.

ఇక అవసరం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ తండ్రిగారి మాండొలిన్‌తో మొదలుపెట్టారు. కర్ణాటక సంగీతంలో గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) పలకాలంటే స్వరం కాసేపు నిలవాలి, తీగను లాగడానికి వీలుండాలి. జంట తీగల అకౌస్టిక్ మాండొలిన్‌లో అది కష్టం. అందువల్ల ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, జంటల స్థానంలో ఐదు ఒంటి తీగలు అమర్చుకున్నారు. రాగం అడిగింది, వాద్యం మారింది. మీ ఏడో తీగను అడుగుతున్నది ఏ పాటో మీరే చెప్పాలి.

సమాధానం 2: ఆదివారం గిటారు (కడప)

పెద్దాయన చెప్పిన దానికి తిరుగులేదు. నేను ఆదివారాలు చర్చి ఆరాధనలోనూ, ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలోనూ వాయిస్తాను కనుక మిగిలిన రెండు ఫిర్యాదుల గురించి రాస్తాను.

ధ్వని నిండుగా లేకపోవడానికి మొదటి కారణం మీ యాంప్ కాదు, పడుకున్న మీ పిల్లలు. బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే చూపించిన విషయం ఇది: శబ్దం తగ్గే కొద్దీ మన చెవికి మంద్ర స్వరాలు మధ్యస్థాయి వాటికంటే ఎక్కువగా తగ్గినట్టు వినబడతాయి. వేదిక మీద గుండెకు తగిలే అదే ధ్వని, పడకగదిలో వాల్యూమ్ ఒకటి మీద పెడితే రేకు డబ్బాలా మారుతుంది. పైగా వీడియోలో మీరు వింటున్నది యాంప్ ఒక్కటే కాదు. గట్టిగా మోగుతున్న స్పీకరు ముందు మైకు పెట్టి రికార్డు చేసి, ఈక్యూతో మంద్ర, తారస్థాయిలు సర్ది, కంప్రెషన్‌తో హెచ్చుతగ్గులు సమం చేసి, తరచుగా బేసూ డ్రమ్సూ కూడా కలిపి వదిలిన ధ్వని అది. కొత్త యాంప్‌ను కూడా మీరు అదే గదిలో, అదే గంటకు, అదే వాల్యూమ్‌లో వాయించబోతున్నారు.

ఈ ఆదివారం పగటిపూట, ఇంట్లోవారి అనుమతితో, ఉన్న యాంప్‌నే గోడ మూలకు జరిపి సగం వరకు తెరిచి వినండి. గోడ మూల మంద్రాన్ని పెంచుతుంది. డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే అమరిక) మీరనుకున్న దానికంటే తగ్గించి, మిడ్ (మధ్యస్థాయి స్వరాలు) పెంచండి. ఒంటరిగా వాయించేటప్పుడు మిడ్ తగ్గించిన ధ్వని గొప్పగా అనిపిస్తుంది గానీ, కీబోర్డూ డ్రమ్సూ మొదలైన మరుక్షణం ఆ గిటారు ఎక్కడుందో వెతుక్కోవాలి.

హమ్ సంగతి. మీ పాత గిటారులో సింగిల్ కాయిల్ పికప్పులు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న పరికరాలు) ఉండి ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దాని గుంయిమనే శబ్దాన్ని అవి యాంటెన్నాలా లాగుతాయి. గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రెండు కాయిళ్లను ఎదురెదురుగా కలిపి ఆ హమ్‌ను రద్దు చేసే హంబకర్‌కు 1955లో పేటెంటు దరఖాస్తు చేసింది ఇందుకే. కానీ పికప్పులు మార్చే ముందు మూడు చూడండి: ప్లగ్గులో మూడో పిన్నుకు నిజంగా ఎర్తింగ్ ఉందా, అదే బోర్డు మీద ఇన్వర్టరు గానీ ఫ్యాన్ రెగ్యులేటరు గానీ ఉందా, గిటారు పట్టుకుని అటూ ఇటూ తిరిగితే హమ్ తగ్గుతోందా. తిరిగినప్పుడు మారితే అది గిటారు లాగుతున్నదే, గదిలో దిశ మార్చి కూర్చుంటే చాలావరకు పోతుంది. ఎర్తింగ్ లేకపోతే మాత్రం గిటారు సంగతి పక్కన పెట్టి వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, తీగలు పట్టుకున్న చేత్తో మైకును తాకి షాకు తిన్నవారు ఆర్కెస్ట్రాల్లో ఎందరో ఉన్నారు.

నా మట్టుకు నేను కార్యక్రమంలో రెండుసార్లకు మించి లోటు తగిలిన వస్తువునే కొంటాను. పాట మధ్యలో శ్రుతి మార్చమన్నప్పుడు క్యాపో (మెడకు బిగించి శ్రుతి పెంచే క్లిప్పు) లేక ఇబ్బంది పడితే క్యాపో కొంటాను. రాత్రి ఫోనులో చూసి ముచ్చటపడినది తెల్లవారితే గుర్తుండదు.

సమాధానం 3: తీగమల్లె (అనంతపురం)

పై ఇద్దరితోనూ సాంకేతిక విషయాల్లో నాకు పేచీ లేదు గానీ, కొనడాన్ని ఒక జబ్బుగా చూడడం నాకు నచ్చలేదు. ఈ యావకు "గ్యాస్" (గేర్ అక్విజిషన్ సిండ్రోమ్, అంటే పరికరాలు కొనే జబ్బు) అని ముద్దుపేరు పెట్టి నవ్వుకునేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వాయించడం ఒక అభిరుచి. వాద్యాలను ఎంచి, పోల్చి, సేకరించడం మరొక అభిరుచి. పట్టుచీరలు కొనేవారిని నిత్యం కట్టుకుంటున్నావా అని ఎవరూ నిలదీయరు. పింక్ ఫ్లాయిడ్ బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మర్ వద్ద 2019లో వేలానికి పెట్టడానికే 120కి పైగా గిటార్లు ఉన్నాయి, ఆ వేలంలో వచ్చిన 2 కోట్ల డాలర్ల పైచిలుకు సొమ్మును ఆయన పర్యావరణ న్యాయపోరాటాలు చేసే ఒక సంస్థకు ఇచ్చేశారు. అమెరికా జానపద ధోరణి (కంట్రీ) గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న ఒకే నైలాన్ తీగల గిటారును పిక్కు (తీగ మీటే చిన్న బిళ్ల) రాపిడికి పై పలక చిల్లుపడినా విడవలేదు. క్వీన్ బృందపు గిటారిస్టు బ్రయాన్ మే పదహారేళ్ల వయసులో తండ్రితో కలిసి పాత నిప్పుగూటి చెక్కతో మెడ చెక్కుకుని తయారు చేయడం మొదలుపెట్టిన గిటారునే దశాబ్దాలుగా ప్రధానంగా వాయిస్తున్నాడు. ముగ్గురూ సంగీతకారులే, కనుక గిటార్ల లెక్క చూసి మనిషిని తూచలేం.

నా అభ్యంతరం మరొక చోట ఉంది. నేను లెక్కలు చూసే వృత్తిలో ఉన్నాను. మీరు ఏ డబ్బుతో కొంటున్నారన్నది ప్రశ్నలో ఎక్కడా రాయలేదు. వడ్డీలేని వాయిదాలు అని రాసి ఉన్న చోట ప్రాసెసింగ్ రుసుమునూ, ఒకేసారి చెల్లిస్తే వచ్చే తగ్గింపు పోవడాన్నీ కలిపి చూడండి, వడ్డీ అక్కడే దాగి ఉంటుంది. కొన్న గిటారును తిరిగి అమ్మితే మధ్యస్థాయి ధరల బ్రాండ్లలో మంచి ధర రావడం అరుదు. కాబట్టి మీ సరదాకు వేరే ఖాతా తెరిచి, నెలకు ఇంత అని వేసుకుని, ఆ ఖాతాలో పూర్తి సొమ్ము చేరిన రోజున ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా కొనుక్కోండి. పాతవీణ గారు చెప్పిన తేమ సంరక్షణ ప్రతి గిటారుకూ అవసరమే కదా, ఐదో గిటారు వస్తే ఐదో స్పాంజి తడిపేది ఎవరు అన్న సంగతి కూడా ఇంట్లో ముందే తేల్చుకోండి.

సమాధానం 4: కొత్తపిక్కు (ప్రొద్దుటూరు)

పెద్దల చర్చ మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. నేను విద్యార్థిని, మిత్రుడి గిటారు అడిగి తెచ్చుకుని నేర్చుకుంటున్నాను. మా బృందంలో బేస్ వాయించేవారు లేరు. ఆరుతీగలు అన్నా, మీ బేస్ గిటారు మంచం కిందే ఉంటున్నట్లయితే దానిని అమ్మే ఉద్దేశం ఉందా?

ప్రశ్నించినవారి జవాబు: ఆరుతీగలు (అనంతపురం)

అందరికీ ధన్యవాదాలు. కాస్త ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే స్పాంజి ఫలితం చూశాకే రాయాలనుకున్నాను. ఫ్రెట్ల కొసలు చాలావరకు లోపలికి సర్దుకున్నాయి, మిగిలిన నాలుగైదింటిని నునుపు చేయించాను. హమ్‌కు కారణం ఇన్వర్టరు బోర్డే, యాంప్‌ను హాలులోని వేరే ప్లగ్గుకు మార్చగానే సగానికి పైగా తగ్గింది. ధ్వని విషయంలో కడప సోదరుడి మాట నిజమే, అయితే పగలు సగం వాల్యూమ్‌కు పొరుగింటివారు ఒప్పుకునేది వారానికి ఒక్కసారే.

ఏడు తీగల గిటారును ఏ పాట అడుగుతోందని పాతవీణ గారు వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆశ మాత్రం పోలేదు, నిన్న రాత్రి కూడా ఆ పేజీ తెరిచాను. ప్రస్తుతానికి ఉన్న గిటారుకే లావు తీగలు వేసి, శ్రుతిని ఒక మెట్టు దించి వాయిస్తున్నాను. వేరే ఖాతా తెరిచే విషయం ఇంట్లో చెబితే, నా శ్రీమతి నాకంటే ముందు దరఖాస్తు తెచ్చిపెట్టింది.

కొత్తపిక్కూ, బేస్ నీకే ఇస్తాను తమ్ముడూ, ధర సంగతి విడిగా మాట్లాడుకుందాం. దానికి గట్టి పెట్టె లేదు, మెత్తటి సంచి మాత్రమే ఉంది. బస్సు పార్శిల్‌లో పంపితే క్షేమంగా చేరుతుందా, పాతవీణ గారూ?

సమాధానం 5: పాతవీణ (కర్నూలు)

చేరుతుంది, కట్టే పద్ధతిని బట్టి. తీగలను పూర్తిగా విప్పకుండా, రెండు మూడు మెట్లు శ్రుతి దించండి. తీగలకూ ఫ్రెట్‌బోర్డుకూ మధ్య మందపాటి కాగితం దూర్చండి. పెట్టె కింద పడినప్పుడు ముందుగా విరిగేది హెడ్‌స్టాక్ మొదలే కనుక, దాని కిందా పైనా పాత దుప్పటి ముక్కలు కుక్కి, మెడ అటూ ఇటూ ఊగకుండా చూడండి. సైకిల్ దుకాణాల్లో పారేసే పొడుగాటి అట్టపెట్టె బేస్‌కు సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం బస్సులో కాక రాత్రి బస్సులో వేయండి, ఎండకు కాలిన డిక్కీలో జిగురు అతుకులు వదులవుతాయి. అందుకున్న వెంటనే తెరవకుండా కొన్ని గంటలు గదిలో ఉంచమని ఆ అబ్బాయికి చెప్పండి.