ఇరాక్ యుద్ధం చమురు కోసమే అయితే, ఆ చమురు చైనాకెలా దక్కింది?

రాత్రిపక్షి: 2003 ఇరాక్ యుద్ధం ఎందుకు అంటే అందరూ "చమురు కోసం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నేనూ అదే అనేవాణ్ణి. కానీ 2009 వేలంలో అతి పెద్ద క్షేత్రం రుమైలా బ్రిటన్ కంపెనీ బీపీకి, చైనా ప్రభుత్వ కంపెనీ సీఎన్‌పీసీకి కలిపి వెళ్లింది, అదీ తీసిన బ్యారెల్‌కి ఇరాక్ ఇచ్చే 2 డాలర్ల ఫీజుకి. ఇంకో పెద్ద క్షేత్రం వెస్ట్ కుర్నా-2 ఏమో రష్యా లుకాయిల్‌కి. మరి అమెరికా అంత ఖర్చు దేనికి పెట్టినట్టు?

పాతపేపర్లు: లాభం ఎవరికి వచ్చిందో చూసి ఉద్దేశం ఇదీ అని చెప్పలేం అండీ. సద్దాంని దించాలన్నది బుష్‌తో మొదలైంది కాదు, 1998లో క్లింటన్ సంతకం చేసిన ఇరాక్ విమోచన చట్టంలోనే ఆ మాట ఉంది. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత "మా మాట వినకపోతే ఇదీ గతి" అని చూపించడానికి ఒక దేశం కావాలి, ఆంక్షలతో అప్పటికే నీరసపడిన ఇరాక్ దొరికింది. చమురు బావులు చేతికి రావడం కాదు, గల్ఫ్‌లో ఎవరి మాట చెల్లాలి అన్నది అసలు సంగతి. యుద్ధానికి కారణంగా చెప్పిన సామూహిక విధ్వంస ఆయుధాలైతే ఎంత వెతికినా దొరకలేదు, కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు.

సూటిమాట: అంత అమాయకంగా ఉండకండి. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ మ్యూజియంని దోచుకుపోతుంటే ఆపే దిక్కు లేదు, చమురు శాఖ భవనానికి మాత్రం సైనికుల కాపలా. చమురు బావుల మరమ్మతు కాంట్రాక్టు టెండరే లేకుండా అమెరికా కంపెనీ హాలీబర్టన్ అనుబంధ కంపెనీకి, ఆ హాలీబర్టన్‌కి 2000 దాకా సీఈఓ ఎవరో తెలుసుగా, ఉపాధ్యక్షుడు చెనీ. ఇంకోటి, వెస్ట్ కుర్నా-1 అమెరికా కంపెనీ ఎక్సాన్‌కే వెళ్లింది, అది మీ లిస్టులో లేదేం?

పాతపేపర్లు: కాపలా నిజమే, కాంట్రాక్టూ నిజమే. కానీ యుద్ధం వచ్చాక సొమ్ము చేసుకోవడం వేరు, సొమ్ము కోసమే యుద్ధం చెయ్యడం వేరు.

లెక్కలమాస్టారు: మీరిద్దరూ ఉద్దేశం దగ్గరే ఆగిపోయారు, పునర్నిర్మాణం చూడండి. ఇరాక్ తన చమురు డబ్బుతోనే త్వరలో కోలుకుంటుందని 2003 మార్చిలో అమెరికా రక్షణ ఉపమంత్రి వుల్ఫోవిట్జ్ అమెరికా కాంగ్రెస్‌కి చెప్పాడు. మే నెలలో ఇరాక్‌ని నడపడానికి అమెరికా పంపిన అధికారి బ్రెమర్ వచ్చి సద్దాం బాత్ పార్టీ వాళ్లని ఉద్యోగాల్లోంచి తీసేసి, వారంలో సైన్యాన్నే రద్దు చేశాడు. తుపాకీ పట్టడం తెలిసిన లక్షలమందిని జీతం లేకుండా రోడ్డున పడేశాక శాంతి ఎక్కడినుంచి వస్తుంది? ఇల్లలకగానే పండగ కాదని ఎవరూ చెప్పలేదేమో. 2013లో అమెరికా ప్రత్యేక ఆడిట్ తుది నివేదిక ప్రకారం సుమారు 6,000 కోట్ల డాలర్లు పెడితే, కనీసం 800 కోట్లు వృథా. ఖాన్ బనీ సాద్ దగ్గర దాదాపు 4 కోట్ల డాలర్లు పోసిన జైలులో ఒక్క ఖైదీ కూడా అడుగుపెట్టలేదు.

రాత్రిపక్షి: ఎక్సాన్ సంగతి ఒప్పుకుంటున్నా, కానీ వాళ్లూ తర్వాత వాటా వదిలేసి వెళ్లిపోయారు, ఇప్పుడు అక్కడ నడిపేది పెట్రోచైనా. సో నా ప్రశ్న అలాగే ఉంది 🙂