ఓరుగల్లు కోట బురుజులు 77నా, 45నా?

ఖిలా_నాన్న:
మొన్న ఆదివారం మావాణ్ని ఖిలా వరంగల్ తీసుకెళ్లా. అక్కడ ఒక పెద్దాయన "ప్రతాపరుద్రుడి కోటకు 77 బురుజులు, బురుజుకో నాయకుడు కాపలా" అన్నాడు. ఇంటికొచ్చి చదివితే రాతికోటకు 45 అని ఉంది. మిగతా 32 కూలిపోయాయా, అసలు లేవా?

మట్టికోట_పోరడు:
ఎందుకు లేవే అన్నా? ప్రతాపరుద్ర చరిత్ర అనే పాత పుస్తకంలనే 77 అని ఉన్నది. 1323ల ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోట వట్టుకున్నంక ఎన్ని కూలగొట్టిండ్రో ఎవలకెరుక. ఇయ్యాల కండ్లకు కనవడేదే లెక్కనంటే, నడిమిట్ల గుడి సుత లేదనాలె. తోరణాలు నాలుగే కదా మిగిలినయ్.

లెక్కల_సారు:
తమ్మీ, గుడి కూలినా దాని స్తంభాలు, చెక్కిన రాళ్లు ఆవరణంతా పడి ఉన్నాయి. జాడ ఉంది. బురుజుల సంగతి చూడు. రాతికోట అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, అంటే చుట్టుకొలత 3.8 దాకా. 45 అయితే దాదాపు 84 మీటర్లకొకటి, 77 అయితే 49కి ఒకటి. పట్టవని అనను. కానీ ఒక్కోటి 40 నుంచి 60 అడుగుల వెడల్పున అగడ్తలోకి పొడుచుకొచ్చిన రాతి దిమ్మె. అలాంటివి 32 పీకితే గోడకు 32 గాయాలుండాలి కదా! పైగా గెలిచినవాళ్లు ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టుకుని ఇక్కడే కూర్చున్నారు. ఆ తర్వాతి కాలాల్లో ద్వారాల ముందు అడ్డుగోడలు కూడా లేపారు. వాడుకునే కోటకు బురుజులు ఎవరు పీకుతారు?

మట్టికోట_పోరడు:
గట్లనా సారూ. మరి రాతికోట బయట ఉన్న మట్టికోటను కలిపితే? దాన్ని ఎవ్వలు లెక్కల వట్టరు. 1310ల ఢిల్లీ సేనాపతి మాలిక్ కాఫర్ ముట్టడించినప్పుడు, ఆ మట్టిగోడకు మంజనీకం (రాళ్లు ఇసిరే యంత్రం) గుండు తగిలినా పిల్లలాడుకునే గింజ లెక్క ఎగిరి వడతదని అమీర్ ఖుస్రో రాసిండు. ఢిల్లీ దిక్కు మనిషి రాసిన మాట అది!

పాత_తాళపత్రం:
సారు లెక్కకే నా ఓటు. అయినా 77ను ఉత్తదని కొట్టెయ్యను. ఆ చరిత్ర రాసింది కాకతీయులు పోయి ఎన్నో తరాలయ్యాక. అప్పటికి దొరల వంశాలు చాలా తమ మూలపురుషుణ్ని ప్రతాపరుద్రుడి కొలువులో చూపించుకునేవి. కొలువులో ఉన్నాడంటే కాయడానికో బురుజు ఉండాలిగా! నాకైతే అందులో వంశాల లెక్కే కనిపిస్తుంది.

ఖిలా_నాన్న:
అందరికీ థాంక్స్. ఇవాళ మళ్లీ వెళ్లాం. మావాడు నోటుబుక్కులో గీతలు కొట్టుకుంటూ తూర్పు ద్వారం దగ్గర మొదలుపెట్టాడు. 19కి వచ్చేసరికి ఎండ, ముళ్లకంప. ఆ చివరిది బురుజా, తర్వాత కట్టిన అడ్డుగోడ మూలా అని ఇద్దరం కాసేపు కొట్లాడుకున్నాం. వాడు సగం గీత కొట్టి పద్దెనిమిదిన్నర అని రాసుకున్నాడు.