లద్దాఖ్‌కు అసెంబ్లీ కావాలా, ఆరో షెడ్యూలు చాలా, ఉన్న హిల్ కౌన్సిళ్లతో సరిపెట్టుకోవాలా?

గోదారిగట్టు

2025 సెప్టెంబర్ 24న లేహ్‌లో రాష్ట్ర హోదా ఆందోళనలో కాల్పులు జరిగి నలుగురు చనిపోయిన దగ్గర్నుంచి ఇక్కడ ఏ చర్చ తీసినా చివరికి ఈ గొడవలోకే వస్తోంది. అక్కడ ఇప్పుడు ఏముందో, వాళ్లు ఏం అడుగుతున్నారో చూడకుండానే దేశభక్తి, దేశద్రోహం దాకా వెళ్లిపోతున్నాం. అందుకే విడిగా మొదలుపెడుతున్నా.

2019 అక్టోబర్ 31 నుంచి లద్దాఖ్ అసెంబ్లీ లేని కేంద్రపాలిత ప్రాంతం. అంతకుముందు లేహ్, నుబ్రా, కార్గిల్, జంస్కార్ నుంచి నలుగురు ఎమ్మెల్యేలు జమ్ము కశ్మీర్ అసెంబ్లీలో కూర్చునేవారు. ఆ నాలుగు సీట్లూ పోయాయి. ఒక ఎంపీ సీటు, లేహ్‌కొకటి కార్గిల్‌కొకటి చొప్పున రెండు హిల్ కౌన్సిళ్లు మిగిలాయి. ఒక్కో కౌన్సిల్లో 30 మంది. 26 మందిని జనం ఎన్నుకుంటారు, నలుగురు నామినేటెడ్. దాని పెద్దను చీఫ్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిలర్ అంటారు, మంత్రి హోదా ఉంటుంది.

చూడ్డానికి చిన్న అసెంబ్లీలాగే ఉంది కదా? కానీ దానికి ఒక్క చట్టం కూడా చేసే అధికారం లేదు. జిల్లా ప్రణాళిక, స్కూళ్లు, రోడ్ల పనులు, కొన్ని ఫీజులు, భూమి వినియోగం మీద కొంత మాట, అంతవరకే. పైగా జిల్లా డిప్యూటీ కమిషనరే (మన కలెక్టర్ లాంటివారు) కౌన్సిల్‌కు ముఖ్య కార్యనిర్వహణాధికారి. ఆయన జవాబు చెప్పుకునేది లెఫ్టినెంట్ గవర్నర్‌కు.

అక్కడి సంఘాల కూటములు లేహ్ అపెక్స్ బాడీ, కార్గిల్ డెమోక్రాటిక్ అలయన్స్ కలిసి నాలుగు అడుగుతున్నాయి: రాష్ట్ర హోదా, ఆరో షెడ్యూలు (గిరిజన ప్రాంతాలకు చట్టాలు చేసే జిల్లా కౌన్సిళ్లు ఇచ్చే రాజ్యాంగ భాగం), సొంత పబ్లిక్ సర్వీస్ కమిషన్, రెండు ఎంపీ సీట్లు. మొదటి రెండింటి గురించే మాట్లాడుకుందాం.

మాజీ_హవల్దార్

లద్దాఖ్‌లో పోస్టింగ్ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. అటు చైనా, ఇటు పాకిస్తాన్. 2020 జూన్‌లో గల్వాన్‌లో ఒక్క రాత్రిలో 20 మంది పోయారు. అలాంటి చోట రోడ్డు వేయాలన్నా, బంకర్ కట్టాలన్నా ఫైలు అసెంబ్లీకి, కేబినెట్‌కు, స్థానిక ఎమ్మెల్యే దగ్గరకు తిరుగుతుంటే ఎలా? ఏటా వేల కోట్ల బడ్జెట్ ఢిల్లీయే ఇస్తోంది. 2025 జూన్‌లో ఉద్యోగాల్లో స్థానికులకు 85 శాతం రిజర్వేషన్ ఇచ్చారు, కౌన్సిళ్లలో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇచ్చారు. ఇంకా ఏం కావాలి?

అక్కడి జనం మీద నాకు కోపం లేదు. చలిలో మాకు టీ పోసిన చేతులవి. కానీ సరిహద్దు ప్రాంతాన్ని మామూలు జిల్లాలాగా చూడలేం.

కూకట్‌పల్లి_కుర్రోడు

2011 లెక్కల్లో మొత్తం లద్దాఖ్ జనాభా 2,74,289. మా కూకట్‌పల్లి నియోజకవర్గంలో ఓటర్లే అంతకంటే ఎక్కువ. దానికి ఒక ముఖ్యమంత్రి, స్పీకర్, సచివాలయమా? 😄

సీత_విశాఖ

తమ్ముడూ, సిక్కిం రాష్ట్రమైంది 1975లో. 1971 జనగణనలో సిక్కిం జనాభా 2.1 లక్షలు, అంటే నేటి లద్దాఖ్ కంటే తక్కువ. ఇప్పటికీ సిక్కింలో 32 మంది ఎమ్మెల్యేలే, దేశమేం దివాలా తీయలేదు. తలలు లెక్కపెట్టే ముందు నేల కూడా చూడు. లద్దాఖ్ 59 వేల చదరపు కిలోమీటర్లు, కేరళ కంటే ఒకటిన్నర రెట్లు. జంస్కార్ వాళ్లు చలికాలంలో నెలల తరబడి బయటకు రాలేని పరిస్థితి. వాళ్ల సంగతి పట్టించుకునే మనిషి ఎక్కడ కూర్చోవాలి?

హవల్దార్ గారూ, మీ సరిహద్దు మాట కొట్టిపారేయను. కానీ అరుణాచల్‌కు చైనా సరిహద్దు లేదా? సిక్కింకు లేదా? చైనాతో డోక్లాం గొడవ జరిగినప్పుడు సిక్కిం అసెంబ్లీ సైన్యానికి అడ్డం పడిందా? రక్షణ ఎప్పుడూ కేంద్రం చేతిలోదే, రాష్ట్రం వచ్చినా అదేం మారదు.

మాజీ_హవల్దార్

అమ్మా, సిక్కిం, అరుణాచల్ ఉన్నాయి, నిజమే. అవి అప్పటి పరిస్థితుల్లో ఇచ్చినవి. ఇప్పుడు కొత్తగా ఇవ్వాలంటే పది సార్లు ఆలోచించాలి అంటున్నా.

యానాం_బుల్లోడు

అసెంబ్లీ గురించి మాట్లాడే హక్కు ఈ చర్చలో అందరికంటే నాకే ఎక్కువ ఉందనుకుంటా. కేంద్రపాలిత ప్రాంతపు అసెంబ్లీ ఎలా ఉంటుందో మేం రోజూ చూస్తున్నాం. మాది ఊరు గోదావరి ఒడ్డు, మా సర్కారు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా అవతల పుదుచ్చేరిలో. అక్కడి అసెంబ్లీలో 30 మంది ఎన్నికైనవాళ్లు, అందులో యానాంకు ఒక్కరు. ఆ ఒక్క ఎమ్మెల్యే ఉండడం వల్ల మాకు పనులు జరిగాయి, కాదనను. ఆ మేరకు లద్దాఖ్ వాళ్లకంటే మేం నయం.

కానీ ఆ అసెంబ్లీలో కేంద్రం నేరుగా ముగ్గురిని నామినేట్ చేస్తుంది. వాళ్లకూ ఓటు హక్కు ఉంటుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో నారాయణస్వామి ప్రభుత్వం పడిపోయినప్పుడు సభలో ఆ ముగ్గురి లెక్క ఎంత గొడవైందో గుర్తుందా? అంతకు రెండేళ్ల ముందు అదే ముఖ్యమంత్రి లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ మీద అలిగి రాజ్ నివాస్ బయట రోడ్డు మీద ధర్నాకు కూర్చున్నాడు. ముఖ్యమంత్రి! పేరు గొప్ప, ఊరు దిబ్బ.

కాబట్టి లద్దాఖ్ సోదరులు ‘అసెంబ్లీ’ అని మాత్రం అడిగితే పుదుచ్చేరి మోడల్ చేతిలో పెట్టి పంపిస్తారు. ఢిల్లీ మోడల్ ఇంకా ఘోరం. అక్కడ పోలీసు, శాంతిభద్రతలతో పాటు భూమి కూడా కేంద్రం దగ్గరే. లద్దాఖ్ వాళ్ల గొడవంతా భూమి గురించే అయినప్పుడు ఆ అసెంబ్లీ ఎందుకు?

మన్యం_మాట

యానాం అన్న అసలు చోట వేలు పెట్టాడు. భూమి మీద చివరి మాట ఎవరిది? మాది పాడేరు వైపు. మేమున్నది ఐదో షెడ్యూలులో, వాళ్లు అడుగుతున్నది ఆరోది. ఈ రెంటికీ తేడా మాకు తెలిసినంతగా మైదానం వాళ్లకు తెలియదు.

ఐదో షెడ్యూలులో మాకు గిరిజన సలహా మండలి ఉంది. పేరులోనే ఉంది, సలహా ఇస్తుంది. చట్టం చేయదు. మా భూమిని ఇన్నాళ్లూ కాపాడింది 1/70 చట్టం, అంటే ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకూడదన్న 1970 నాటి రెగ్యులేషన్. తర్వాత 1997లో సమత తీర్పు, ఏజెన్సీ గనులు ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. రెండూ గొప్పవే. కానీ ఒకటి ప్రభుత్వం ఇచ్చింది, రెండోది కోర్టు ఇచ్చింది. మేం చేసుకున్నది ఏదీ లేదు.

ఇచ్చినవాళ్లు తీసేసుకుంటే ఏమవుతుందో జీవో 3 చెప్పింది. ఏజెన్సీ స్కూళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో ఆ జీవో ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ జీవో నమ్ముకుని బీఈడీ చదివిన పిల్లల పరిస్థితి ఏంటో మా ఊళ్లకు వచ్చి అడగండి. మాకే చట్టం చేసే సభ ఉన్నా కోర్టు ఆ జీవో కొట్టేసేదేమో, అది వేరే సంగతి. కనీసం మర్నాడు కూర్చుని ఇంకో దారి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు అమరావతి వైపు చూస్తూ కూర్చోవడమే.

హవల్దార్ గారు చెప్పిన 85 శాతం రిజర్వేషన్ కూడా ఢిల్లీ నుంచి వచ్చిన రెగ్యులేషనే కదండీ. అక్కడి సభ ఏదీ చేసింది కాదు. రేపు ఇంకో రెగ్యులేషన్‌తో మార్చేస్తే లేహ్‌లో ఎవరు ఆపుతారు?

హనుమకొండ_వకీలు

చట్టం సంగతి కొంచెం చెప్తా. హిల్ కౌన్సిల్‌కూ, ఆరో షెడ్యూలు జిల్లా కౌన్సిల్‌కూ పైకి పెద్ద తేడా లేదు. అక్కడా మామూలుగా 30కి మించకుండా సభ్యులు, నలుగురి వరకు నామినేటెడ్. (బోడోలాండ్‌కు మాత్రం 46 మంది.) తేడా మూడో పేరాలో ఉంది. భూమి కేటాయింపు, వినియోగం, రిజర్వు కాని అడవి, గ్రామ పాలన, వారసత్వం, పెళ్లిళ్లు, ఆచారాల మీద ఆ కౌన్సిల్ చట్టం చేస్తది. గవర్నర్ ఆమోదం కావాలె, నిజమే. గిరిజనుల మధ్య తగాదాలకు సొంత కోర్టులు కూడా ఉంటాయి.

ఇంకా ముఖ్యమైనది పన్నెండో పేరా. అస్సాంలో ఈ విషయాల మీద రాష్ట్ర అసెంబ్లీ చట్టం చేసినా, జిల్లా కౌన్సిల్ ఒప్పుకుని నోటిఫై చేస్తేనే ఆ జిల్లాలో వర్తిస్తుంది. అదే మేఘాలయలో తిరగబడింది: రెండూ ఢీకొంటే రాష్ట్ర చట్టమే గెలుస్తుంది. కాబట్టి ‘ఆరో షెడ్యూలు ఇచ్చేశాం’ అనగానే చప్పట్లు కొట్టొద్దు, ఏ రాష్ట్రం పద్ధతిలో ఇచ్చారో చూడాలె. 244 అధికరణంలో అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం పేర్లే ఉన్నయి కాబట్టి లద్దాఖ్‌ను చేర్చాలంటే రాజ్యాంగ సవరణ తప్పదు. చేర్చమని జాతీయ ఎస్టీ కమిషన్ 2019 సెప్టెంబర్‌లోనే సిఫార్సు చేసింది.

కొన్ని రాష్ట్రాలకు ప్రత్యేక రక్షణలిచ్చే 371 అధికరణం లాంటిది ఇస్తే సరిపోదా అనేవాళ్లకు ఒక మాట. నాగాలాండ్‌కు 371ఏ, మిజోరంకు 371జీ ఉన్నయి. అక్కడి భూమి మీద పార్లమెంటు చట్టం వర్తించాలంటే ‘ఆ రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం చేస్తే’ అనే షరతు ఉంది. అసెంబ్లీయే లేని చోట ఆ తీర్మానం ఎవరు చేస్తరు?

కూకట్‌పల్లి_కుర్రోడు

సరే, చట్టం చేసే కౌన్సిల్ వచ్చిందనుకుందాం. అస్సాంలో దిమా హసావ్ ఆరో షెడ్యూలు జిల్లానే. అక్కడి కౌన్సిలే ఒక సిమెంటు కంపెనీకి 3,000 బిఘాలు, అంటే సుమారు వెయ్యి ఎకరాలు కేటాయిస్తే 2025 ఆగస్టులో గువాహటి హైకోర్టు మండిపడింది. మేఘాలయలో గారో హిల్స్ కౌన్సిల్ ఉద్యోగులు నెలల తరబడి జీతాలు రాక ధర్నాలు చేశారు. మన మనిషి కుర్చీలో ఉంటే భూమి అమ్ముడుపోదని గ్యారంటీ ఏముంది?

మన్యం_మాట

గ్యారంటీ లేదు తమ్ముడూ. కానీ దిమా హసావ్ వాళ్లు ఆ కౌన్సిలర్‌ను వచ్చే ఎన్నికల్లో నిలదీస్తారు. లద్దాఖ్‌లో చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద, పాంగ్ దగ్గర 13 గిగావాట్ల సోలార్, గాలి కరెంటు ప్రాజెక్టు వస్తోంది. కరెంటు హర్యానాలోని కైథల్ దాకా తీసుకెళ్లే లైన్లకు 2023 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ 20 వేల కోట్లకు పైగా మంజూరు చేసింది. ఆ పచ్చిక మీద పశ్మీనా మేకలు మేపుకునే చాంగ్‌పాలు ఎవరిని నిలదీయాలి? లెఫ్టినెంట్ గవర్నర్ ఎన్నికల్లో నిలబడడు కదా. సోలార్ వద్దని నేను అనడం లేదు. ఎంత మేర, ఎక్కడ అన్నది వాళ్లతో తేల్చుకోవాలి.

పాతపేపర్లు

అందరూ లద్దాఖ్ అంతా ఒకే గొంతుతో అడుగుతున్నట్టు రాస్తున్నారు. కాదు. లేహ్ వాళ్లు కశ్మీర్ నుంచి విడిపోయి కేంద్రపాలిత ప్రాంతం కావాలని 1989లో పెద్ద ఉద్యమం చేశారు. అప్పుడూ కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. బౌద్ధ సంఘం ముస్లింల మీద సామాజిక బహిష్కరణ పెట్టింది, అది 1992 దాకా సాగింది. ఆ రాజీలోంచి పుట్టిందే హిల్ కౌన్సిల్. లేహ్ వెంటనే పుచ్చుకుంది, కార్గిల్ అప్పట్లో వద్దంది, ఎనిమిదేళ్ల తర్వాత ఒప్పుకుంది.

2019 ఆగస్టులో లద్దాఖ్‌ను కేంద్రపాలిత ప్రాంతం చేస్తున్నామన్నప్పుడు కూడా అంతే. లేహ్‌లో మిఠాయిలు పంచారు, కార్గిల్‌లో బంద్ చేశారు. తర్వాత లేహ్ వాళ్లకు అర్థమైంది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని. 2020 కౌన్సిల్ ఎన్నికలను బహిష్కరిస్తామంటే కేంద్రం బుజ్జగించింది, బీజేపీ ఆరో షెడ్యూలు హామీ ఇచ్చి 26లో 15 గెలిచింది. ఆ హామీ ఏమైందని అడగడానికే కదా లద్దాఖ్ ఉద్యమకారుడు సోనమ్ వాంగ్‌చుక్ 2024 మార్చిలో 21 రోజులు నిరాహార దీక్ష చేసింది. చివరికి 2025 సెప్టెంబర్‌లో ఆయన్ను జాతీయ భద్రతా చట్టం కింద జోధ్‌పూర్ జైలుకు పంపారు.

ఇప్పుడు రెండు జిల్లాలూ కలిశాయి, మంచిదే. కానీ అసెంబ్లీ వచ్చిన రోజున సీట్ల పంపకం ఎలా? లేహ్ జనాభా 1.33 లక్షలు, కార్గిల్ 1.40 లక్షలు. ఒకచోట బౌద్ధులు ఎక్కువ, ఇంకోచోట షియా ముస్లింలు. ముఖ్యమంత్రి ఎవరు, రాజధాని ఎక్కడ అన్న మొదటి రోజే 1989 తిరిగి రావచ్చు. ఆ భయంతోనే నేను రెండు వేర్వేరు కౌన్సిళ్ల వైపు, అంటే ఆరో షెడ్యూలు వైపు మొగ్గుతా. ఎవరి ఇల్లు వాళ్లు చక్కబెట్టుకుంటారు.

సీత_విశాఖ

కౌన్సిళ్లు రెండయితే లెఫ్టినెంట్ గవర్నర్ ఒకరిమీద ఒకరిని ఎగదోయడం సులువు కాదూ? ఇన్నాళ్లూ శ్రీనగర్ చేసింది అదేనని లేహ్ వాళ్లే అనేవాళ్లు. పోలీసు, వైద్యం, ఉన్నత విద్య, ఉద్యోగ నియామకాలు మామూలుగా జిల్లా కౌన్సిళ్ల చేతికి పూర్తిగా రావు. వాటికి రెండు జిల్లాలకూ కలిపి ఒక సభ ఉండాల్సిందే. సీట్లు సగం సగం అని ముందే రాసుకుంటే సరిపోతుంది.

పాతపేపర్లు

సగం సగం అంటే జంస్కార్‌ను ఎటు లెక్కేస్తారు? అక్కడ బౌద్ధులు ఎక్కువ, ఇన్నాళ్లూ ఉన్నది కార్గిల్ జిల్లాలో. 2024 ఆగస్టులో ప్రకటించిన ఐదు కొత్త జిల్లాల్లో అదొకటి. మిగతావి ద్రాస్, షామ్, నుబ్రా, చాంగ్‌తాంగ్.

హనుమకొండ_వకీలు

దానికి కూడా షెడ్యూలులోనే దారి ఉంది. ఒక జిల్లాలో వేర్వేరు తెగలుంటే ప్రాంతీయ కౌన్సిల్ ఏర్పాటు చేయొచ్చని మొదటి పేరా చెప్తది. మిజో కొండల్లో 1953లో పావి-లాఖేర్ ప్రాంతీయ కౌన్సిల్ అట్లనే పెట్టిన్రు. 1972లో దాన్నే మూడు ముక్కలు చేస్తే లాయి, మారా, చక్మా కౌన్సిళ్లు వచ్చినయి. మిజోరం అసెంబ్లీ ఉండగానే ఆ మూడూ ఇప్పటికీ నడుస్తున్నయి. అంటే పైన అసెంబ్లీ, కింద కౌన్సిళ్లు రెండూ ఉండొచ్చు. ఇదా అదా అని ఒకటే ఎంచుకోవాలని రాజ్యాంగం అనలేదు.

మాజీ_హవల్దార్

వకీలు గారూ, మీ లెక్కన రెండు ముప్పావు లక్షల మందికి ఒక అసెంబ్లీ, మూడు కౌన్సిళ్లు, ఏడు జిల్లాలు. జీతాలకే బడ్జెట్ అయిపోతుంది.

ఆరో షెడ్యూలు వరకైతే నాకు పెద్ద అభ్యంతరం లేదు, భూమి వాళ్లది. అసెంబ్లీ మాత్రం ఇప్పుడే వద్దంటాను.

యానాం_బుల్లోడు

భూమి వాళ్లదని మీరు ఒప్పుకున్నారు కదండీ, మిగతాది జీతాల లెక్కే. మా ఒక్క ఎమ్మెల్యే జీతం కేంద్రానికి ఎప్పుడూ బరువు కాలేదు 🙂