చూడ్డానికి బాగానే ఉంటాను, బస్సులో హారన్ మోగితే మాత్రం ఒళ్లు బిగుసుకుపోతుంది. జనానికి ఎలా చెప్పాలి?

లారీ గుద్దిన ప్రమాదం తర్వాత నాకు పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత మనసులో మిగిలిపోయే భయం జబ్బు) ఉందని డాక్టరు చెప్పారు. విరిగిన ఎముకలు ఎప్పుడో అతుక్కున్నాయి, కానీ ఇప్పటికీ వెనక నుంచి ఎయిర్ హారన్ వినబడితే గుండె దడ, చెమటలు, ఎక్కడున్నానో కూడా తెలియదు. ఆఫీసుకు సిటీ బస్సే దిక్కు. తలుపు దగ్గర సీటైతే దిగిపోవచ్చన్న ధైర్యం, కానీ ఎవరైనా పెద్దాయన "కుర్రాడివి, లేవచ్చుగా" అంటే నోరు పెగలదు. మొన్న ఒకావిడ తాగి ఉన్నాననుకుని పక్కకు జరిగింది. దీనికి వికలాంగుల సర్టిఫికెట్ ఇస్తారా?

జవాబు 1
తమ్ముడూ, మా ఆయన ఆర్మీలో చేసి వచ్చారు, పెళ్లి ఊరేగింపులో టపాసులు పేలినా ఇదే పరిస్థితి. జరిగిందంతా ఎవరికీ చెప్పక్కర్లేదు. "ఒంట్లో బాగోలేదండీ, ఇక్కడే కూర్చోవాలి" అంతే, అది ఇంట్లో పదిసార్లు పైకి అని అలవాటు చేసుకో, ఎందుకంటే ఆ సమయానికి మాట వెతుక్కోలేం. దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ మా వీధిలో ఎవరు వింటారు, మేం ఆ పూట ఊరి బయట చుట్టాలింటికి వెళ్లిపోతాం.

జవాబు 2
సర్టిఫికెట్ సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది. జబ్బు పేరు చూసి ఇవ్వరు. సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట్లాడటం, ఉద్యోగం ఎంత దెబ్బతిన్నాయో ఐడియాస్ అనే కొలతతో చూసి శాతం వేస్తారు. చాలా రాయితీలకు 40 శాతం కావాలి. ఉద్యోగం చేసుకుంటున్నారు కాబట్టి తక్కువ రావచ్చు, అంతమాత్రాన మీ బాధ అబద్ధమని కాదు. ముందు మీ సైకియాట్రిస్టుని అడగండి.

జవాబు 3
కార్డు వచ్చినా బస్సులో తీసి చూపించాల్సిన ఖర్మ ఎవరికీ ఉండకూడదని నా అభిప్రాయం. అసలు వైద్యం వదలొద్దు. ఇలాంటి మానసిక గాయం (ట్రామా) కోసమే చేసే థెరపీలు, ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే పద్ధతి) లాంటివి ఉన్నాయి, చాలామందికి పనిచేస్తాయి. హారన్లకు దూరంగా ఉంటూ పోతే భయం ముదురుతుంది, అలాగని ఒక్కరే మొండిగా ఎదుర్కోవద్దు, థెరపిస్టు పక్కన ఉండాలి. రాత్రిపూట మరీ కష్టమైతే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ప్రశ్న అడిగినవారు
అక్కా, ఆ మాట రేపటి నుంచే అంటాను. విశాఖలో ఈఎండీఆర్ చేసేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి, ఫీజు ఎంతవుతుందో కూడా.