వార్డు పక్కనే ల్యాబ్ ఉండాలా, వేరే అంతస్తులోనా? చెన్నై బిల్డింగు ప్లాను మీద చర్చ

మైలాపూర్ ఆర్కిటెక్ట్
మా ఆఫీసుకు చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఒక ట్రస్టు పని వచ్చింది. రక్తవ్యాధులకు వైద్యం, పరిశోధన రెండూ ఒకే బిల్డింగులో, 6 అంతస్తులు, 120 పడకలు. మా సీనియర్లు ఇద్దరికీ మాట కలవడం లేదు. ఒకాయన ప్రతి అంతస్తులో కారిడార్‌కు ఒక పక్క వార్డు, ఇంకో పక్క ల్యాబ్ అంటారు. ఇంకొకాయన కింద 4 అంతస్తులు పేషెంట్లకు, పైన 2 ల్యాబులకు ఇచ్చి మధ్యలో తలుపు పెట్టేద్దామంటారు. ఇక్కడ ల్యాబుల్లో చేసేవాళ్లు, నెల్లూరు, తిరుపతి నుంచి చెన్నైకి వైద్యానికి వచ్చి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరేమంటారు?

బెంచి మనిషి
కారిడార్ ప్లానే. 11 ఏళ్లుగా ల్యాబులో ఉన్నవాడిగా చెప్తున్నా. బోన్ మ్యారో, అంటే ఎముక మజ్జ, తీశాక ఆలస్యమయ్యే కొద్దీ కణాలు చచ్చిపోతుంటాయి, పరీక్షకు కావాల్సిన ఆర్ఎన్ఏ పాడైపోతుంది. నేను ఇంతకుముందు చేసిన చోట వార్డు ఒక బ్లాకు, మా ల్యాబ్ ఇంకో బ్లాకులో 5వ అంతస్తు. ఒకరోజు లిఫ్టు ఆగిపోయింది, ఐస్ డబ్బా పట్టుకున్న కుర్రాడు ఎండలో చుట్టూ తిరిగి మెట్లెక్కి వచ్చేసరికి ఐసంతా నీళ్లు. అందులో ఉన్న 4 ట్యూబుల్లో ఒకటి 9 ఏళ్ల పాపది. మళ్లీ సూది గుచ్చాలని ఆ తల్లితో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమెరికాలో ఎన్ఐహెచ్ (అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వాళ్ల ఆసుపత్రి, క్లినికల్ సెంటర్, 1953లో తెరిచారు, అది కట్టిందే పేషెంటు గదికి నాలుగడుగుల్లో ల్యాబ్ ఉండాలని. డెబ్బై ఏళ్ల కిందటే తేలిపోయిన విషయం ఇది.

గాలి ఇంజనీర్
తేలలేదండీ. నేను ఆసుపత్రుల ఏసీ పని చేస్తాను. ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిరి లాగేసే పెట్టె) ఉన్న ల్యాబులో గాలి ఒకసారి వాడాక బయటికే పోవాలి, తిరిగి లోపలికి రాకూడదు. మామూలు వార్డులో చాలావరకు అదే గాలిని శుభ్రం చేసి తిప్పుతాం. ప్రతి అంతస్తులో ల్యాబ్ పెడితే ప్రతి అంతస్తు నుంచీ టెర్రస్ దాకా ఎగ్జాస్ట్ డక్టులు, అంటే వాడిన గాలి పోయే గొట్టాలు, పోవాలి, అవి పోయే షాఫ్టులే మీ పడకల చోటు తినేస్తాయి. ల్యాబ్ పైనుంటే డక్టు పొట్టిగా అయిపోతుంది. ఇంకోటి, మధ్యాహ్నం చెన్నైలో గాలి సముద్రం నుంచి, అంటే తూర్పు నుంచి కొడుతుంది. ఎగ్జాస్ట్ గొట్టం తూర్పున పెట్టి, బయటి గాలి తీసుకునే జాలీ పడమర పెట్టారంటే ల్యాబ్ గాలి నేరుగా వార్డులోకే. తెల్లకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్ తట్టుకోలేని పేషెంట్లు ఉండే వార్డు అది.

వేళచ్చేరి వాసు
జనరేటర్ మాత్రం బేస్‌మెంట్‌లో పెట్టకండి. 2015 డిసెంబర్ వరదలు చూసినవాణ్ని.

పినాకిని
నేను ల్యాబుల మనిషిని కాను, నాన్నను 2 ఏళ్లు చెన్నై తిప్పిన కూతుర్ని. మాకు దొరికింది మీ కారిడార్ ప్లానే. వార్డు తలుపు తీస్తే ఎదురుగా ల్యాబ్. రోజూ తెల్లకోటు వేసుకుని ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ఎవరు డాక్టరో, ఎవరు చదువుకునే పిల్లలో, ఎవరు పరిశోధనవాళ్లో మాకు తెలిసేది కాదు. రోజూ 3 ట్యూబులు తీసేవాళ్లు, ఒకరోజు 7 తీశారు. ఊదా మూతవి, ఆకుపచ్చ మూతవి, నేనే లెక్కపెట్టాను. ఎందుకమ్మా అని నర్సును అడిగితే "టెస్టుకి" అంది. ఆ సాయంత్రం నాన్న మోచేతి దగ్గర నల్లగా కమిలిపోయింది. ల్యాబ్ దగ్గరుంటే తీసుకోవడం మీకు సులువు. ఇచ్చేవాడి సంగతి?

బెంచి మనిషి
అమ్మా, మీ నాన్నగారి విషయం వింటే బాధగానే ఉంది. కానీ అది అక్కడి మనుషుల తప్పు, గోడల తప్పు కాదు. మనం మాట్లాడుతున్నది ప్లాను గురించి.

గాలి ఇంజనీర్
ఎగ్జాస్ట్ గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. లిఫ్టుల సంగతి కూడా. మంచం పట్టే లిఫ్టు, చెత్త దించే లిఫ్టు ఒకటే చేయకూడదు. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం ల్యాబ్ చెత్తను అక్కడే క్రిములు చచ్చేలా శుద్ధి చేశాకే బయటికి పంపాలి. దానికి ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) పెట్టే గది ప్లానులో ఎక్కడ?

పినాకిని
గోడల తప్పు కాదా? మాకు కాగితం మీద సంతకం ఎక్కడ చేయించారో తెలుసా, బిల్లు కౌంటర్ దగ్గర. వెనక క్యూ, చేతిలో డబ్బుల కవరు. కాగితం ఒకవైపు తమిళం, ఇంకోవైపు ఇంగ్లీషు. నాన్నకు తెలుగు తప్ప చదవడం రాదు. బిల్లు కాగితమే అనుకుని పెట్టేశాడు. అది పరిశోధనకు ఒప్పుకున్నట్టని మూడు వారాలకు తెలిసింది. అక్కడ కూర్చుని అడగడానికి ఒక గది ఉంటే అడిగేవాళ్లం. గది లేదు. అది ప్లానే కదా!

బెంచి మనిషి
పేషెంటుకు అర్థమయ్యే భాషలో చెప్పకుండా సంతకం తీసుకోవడం రూల్స్‌కే విరుద్ధం, పరిశోధనలకు అనుమతిచ్చే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. అందరం అలా చేయం. రాత్రి 2 గంటల దాకా మేం కూర్చునేది ఎవరికోసం? మమ్మల్ని రక్తం దొంగల్లా మాట్లాడుతున్నారు మీరు.

చెట్‌పెట్ పెద్దాయన
ఇద్దరూ కాస్త ఆగండి. బెంచి మనిషి గారూ, మీరు చెప్పిన ఎన్ఐహెచ్‌లో పేషెంటుకు బిల్లు ఉండదు. అక్కడ చేరేవాళ్లంతా పరిశోధనలో పాల్గొనడానికని తెలిసే వస్తారు. మన దగ్గర మనిషి వచ్చేది నయం చేయించుకోవడానికి, వాయిదాల్లో డబ్బు కడుతూ. వద్దంటే వైద్యం ఆపేస్తారేమో అన్న భయం ఉంటుంది, పైకి చెప్పరంతే. ఆ భవనాన్ని తెచ్చి ఇక్కడ పెడితే కారిడార్ వస్తుంది, ఆ తెలిసి రావడం రాదు. మా చెట్‌పెట్‌లోనే 1956లో క్షయ మందుల పరిశోధన కేంద్రం మొదలైంది. ఇంట్లో ఉండి మందులు వేసుకున్నా శానటోరియంలో (క్షయ రోగులను ఉంచే ఆసుపత్రిలో) ఉన్నంత బాగానే నయమవుతుందని 1959లో ప్రపంచానికి చూపించింది వాళ్లే. వార్డు పక్కన ల్యాబ్ ఉండి కాదు, పేషెంటు ఇంటికే మనుషులు వెళ్లి, మాత్రలు లెక్కపెట్టి చేసిన పని.

తిరువాన్మియూర్ తులసి
అటెండర్లు చాప వేసుకునే చోటు కూడా గీయండి. కారిడార్ ఇరుకైతే స్ట్రెచర్ మా కాళ్ల మీదుగా పోతుంది.

బెంచి మనిషి
పెద్దాయన గారు చెప్పిన బిల్లు మాట నేను ఆలోచించలేదు. ల్యాబ్ దగ్గరే ఉండాలని ఇప్పటికీ అంటాను, ఆ పాప ట్యూబు నేను మర్చిపోలేను. కానీ పినాకిని గారు అడుగుతున్నది దూరం గురించి కాదని ఇప్పుడర్థమైంది. "వద్దు" అనడానికి ఒక చోటు అడుగుతున్నారు.

పినాకిని
అవును. ల్యాబ్ ఎక్కడైనా పెట్టుకోండి.

మైలాపూర్ ఆర్కిటెక్ట్
ఇప్పుడే ప్లాను తీసి చూశాను. రెండు ప్లానుల్లోనూ అలాంటి గది లేదు. కౌన్సెలింగ్ అని రాసి ఉన్నది బిల్లింగ్ వెనక 6 అడుగుల క్యాబిన్, తలుపు కూడా లేదు. రేపు ఇద్దరు సీనియర్ల ముందూ పెడతాను. వార్డు అంతస్తులోనే, బిల్లింగ్‌కు దూరంగా, 10 బై 12 గది ఇవ్వగలం. ఒక స్టోరు పోతుంది. తెలుగు చెప్పగలిగిన మనిషిని పెట్టడం నా చేతిలో లేదు, ట్రస్టుకు రాస్తాను.

గాలి ఇంజనీర్
షాఫ్టు పక్కన ఇవ్వకండి, హోరులో మాట వినపడదు.

పినాకిని
కుర్చీలు మూడు వేయండి. చెప్పేవాళ్లకొకటి, నాన్నకొకటి, నాకొకటి. అప్పుడు ఇద్దరం కౌంటర్ ముందు నిలబడాల్సి వచ్చింది.