ఫ్యాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్ట్: తక్కువ ధరకు దొరికే మంచి ఆటగాళ్లను స్టాట్‌కాస్ట్ చూపిస్తుందా?

డ్రాఫ్ట్_కొత్త:
మా ఆఫీసు ఫ్యాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో చేరాను. మొత్తం 12 జట్లు. ఫ్యాంటసీ క్రికెట్‌లో కోహ్లీని ఎంతమందైనా పెట్టుకోవచ్చు కానీ ఇక్కడ డ్రాఫ్ట్ ఉంటుంది: వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవాలి, ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకొకరికి దక్కడు. మొదటి రౌండ్లలో పేరు చూసి తీసుకోవచ్చు, ఆ తర్వాతే టెన్షన్. డ్రాఫ్టుల్లో ఎవరు సగటున ఎన్నో నంబరుకు పోతున్నారో ఏడీపీ చెబుతుంది కదా, అంతకంటే ఎక్కువ విలువ ఉన్నవాళ్లను ఎలా పట్టుకోవాలి? స్టాట్‌కాస్ట్ (మేజర్ లీగ్ బేస్‌బాల్ వాడే కొలతల వ్యవస్థ) చూడమని కొందరు, దాన్ని నమ్మొద్దని కొందరు అంటున్నారు.

అంకెల_మనిషి:
స్టాట్‌కాస్టే చూడండి. బంతి బ్యాట్‌ను వదిలిన వేగం, పైకి లేచిన కోణం 2015 నుంచి కొలుస్తున్నారు. గట్టిగా కొట్టినా నేరుగా ఫీల్డర్ల చేతుల్లో పడితే బ్యాటర్ సగటు (ఆడిన అవకాశాల్లో హిట్ల వంతు) పడిపోతుంది, దాంతో డ్రాఫ్ట్‌లో ధరా పడుతుంది, అంటే అతన్ని ఆలస్యంగా తీసుకుంటారు. అలాంటివాళ్లే మనకు కావాలి. అదృష్టం కలిసొచ్చినవాళ్లను కూడా ఇదే పట్టిస్తుంది. కోడీ బెల్లింజర్ 2023లో 0.307 సగటుతో 26 హోమ్ రన్లు (గోడ దాటిన షాట్లు) కొట్టాడు, కానీ బంతి వేగం మాత్రం అంత లేదు. మరుసటి ఏడాది 0.266, 18 హోమ్ రన్లు.

హ్యూస్టన్_అభిమాని:
అన్నా, ఆ అంకెలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మిగతా పదకొండు మందీ చూస్తారు. అందరికీ తెలిసిన విషయం అప్పటికే ధరలో కలిసిపోయి ఉంటుంది.

పైగా స్టాట్‌కాస్ట్ ఆ వేగం, కోణం చూసి లెక్కగట్టే అంచనా సగటు, బంతి ఏ దిక్కుకు వెళ్లిందో పట్టించుకోదు. ఐజాక్ పరేడెస్‌ను చూడండి. గట్టిగా కొట్టే రకం కాదు, కానీ బంతిని లెఫ్ట్ ఫీల్డ్ లైను పక్కకు లేపుతాడు. చాలా మైదానాల్లో గోడ దగ్గరగా ఉండేది అక్కడే. 2023లో టాంపా బే జట్టుకి 31 హోమ్ రన్లు, 98 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకు వచ్చిన పరుగులు) ఇచ్చాడు. అంచనా అంకెలు నమ్మినవాళ్లు అతన్ని వదిలేసుకున్నట్టే.

నా దృష్టిలో అసలు లాభం నిబంధనల మార్పు దగ్గరుంది. 2023లో బేస్‌లు 15 అంగుళాల నుంచి 18కి పెరిగాయి, పిచర్ పికాఫ్‌లకు (బేస్ మీదున్న రన్నర్‌ను ఔట్ చేయడానికి విసిరే త్రోలకు) పరిమితి వచ్చింది. ఇదంతా ముందు ఏడాది సెప్టెంబరులోనే ప్రకటించారు. దాంతో స్టీల్స్ (పిచర్ బంతి వేసేలోగా తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరడం) తేలికయ్యాయి: 2022లో మొత్తం 2,486 ఉంటే 2023లో 3,503 అయ్యాయి. పాత ఏళ్ల లెక్కలతో ర్యాంకింగ్ వేసుకున్నవాళ్లకు వేగంగా పరిగెత్తేవాళ్ల విలువ కనిపించలేదు. ఓక్లండ్ జట్టులో చోటు దొరికిన ఎస్ట్యూరీ రూయిజ్ ఆ ఏడాది 67 స్టీల్స్ చేశాడు, అదీ ఏమంత మెరుగైన బ్యాటింగ్ లేకుండానే!

అంకెల_మనిషి:
పరేడెస్ కథ పూర్తిగా చెప్పు తమ్ముడూ. 2024 మధ్యలో చికాగో జట్టు కబ్స్‌కు వెళ్లాక కొట్టింది 3 హోమ్ రన్లే.

హ్యూస్టన్_అభిమాని:
నేనంటున్నదీ అదే. కబ్స్ మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో లెఫ్ట్ ఫీల్డ్ లైను మీద గోడ దూరం 355 అడుగులు, హ్యూస్టన్‌లో 315. హ్యూస్టన్ జట్టు ఆస్ట్రోస్‌కు వచ్చిన 2025లో గాయంతో చాలా మ్యాచ్‌లు పోయినా 20 కొట్టాడు. మారింది మైదానం.

అంకెల_మనిషి:
ఆస్ట్రోస్‌కు పంపిన ఆ ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) జరిగింది 2024 డిసెంబరులో. డ్రాఫ్టులు మార్చిలో. అందరికీ తెలిసింది ధరలో కలిసిపోతుందని నువ్వే అన్నావు, మరి గోడ దూరం ఎవరికి తెలియదు?

హ్యూస్టన్_అభిమాని:
సరైన ప్రశ్నే. మైదానం వల్ల వచ్చే లాభం కూడా కొంత ధరలో చేరిపోతుంది, కాదనను. కానీ ధరలో చేరని విషయం ఒకటుంది: మీ లీగ్ సొంత నియమాలు. సైట్‌లో కనిపించే ర్యాంకింగ్ మామూలు లీగ్ కోసం వేసింది. కైల్ ష్వార్బర్ 2023లో 47 హోమ్ రన్లు కొట్టాడు, సగటు మాత్రం 0.197. సగటు లెక్కించే లీగ్‌లో అతను జట్టును కిందికి లాగుతాడు. ఓబీపీ (బ్యాటర్ ఎంత తరచుగా బేస్ చేరతాడో చెప్పే అంకె) లెక్కించే లీగ్‌లో 126 వాక్‌లతో (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఉచితంగా దక్కే మొదటి బేస్) వచ్చిన 0.343 చక్కగా పనికొస్తుంది. ఆటగాడు ఒక్కడే, విలువలు రెండు, సైట్ చూపించే నంబరు మాత్రం చాలాసార్లు ఒకటే. అందుకే కొత్తగా వచ్చినవారు స్టాట్‌కాస్ట్ తెరిచేముందు లీగ్ సెట్టింగ్స్ తెరవాలి.

డ్రాఫ్ట్_కొత్త:
ఇప్పుడే చూశాను, మాది ఓబీపీ లీగ్. స్టీల్స్‌కు వేరే పాయింట్లు ఉన్నాయి. సైట్ ర్యాంకింగ్ పక్కన పెట్టి, ముందు వాక్‌లు ఎక్కువ తీసుకునేవాళ్ల జాబితా రాసుకుంటాను. అంకెల_మనిషి గారూ, ఆ జాబితాలో ఎవరిని కొట్టేయాలో మీ స్టాట్‌కాస్ట్ చూసి చెబుతారా?