కట్టుడు పళ్లతో నాన్న సరిగా నములుతున్నారో లేదో తెలిసేదెట్లా?

ప్రశ్న (తాడిపత్రి): మా నాన్నకు ఈమధ్యే పైనా కిందా కట్టుడు పళ్లు పెట్టించాము. ఎట్లుంది నాన్నా అంటే, "బాగుందమ్మా, సంగటి తింటున్నా కదా" అంటారు. కానీ కూరలో ముక్కలు పక్కకు తీసేస్తున్నారు. కడుపు ఉబ్బరం అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. నమలడాన్ని కొలిచే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు (అనంతపురం, పళ్ల డాక్టర్): అమ్మా, సంగటిని లెక్కలోకి తీసుకోకండి. ముద్ద పప్పులో అద్ది మింగేస్తాము, పళ్లు లేనివాళ్లూ తినగలరు. జొన్నరొట్టె, మాంసం ఎట్లా తింటున్నారో చూడండి. "బాగుంది" అనే మాటా చాలదు. మనిషి చెప్పేదానికీ కొలిస్తే తేలేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు.

కొలిచే పద్ధతి మన పంటతోనే ఉంది. 1950లో అమెరికాలో మ్యాన్లీ, బ్రేలీ అనే పరిశోధకులు శెనక్కాయ విత్తనాలు నమిలించి, మింగనీయకుండా ఉమ్మించి, జల్లెడ పట్టారు. జల్లెడలో దిగింది ఎంత అన్నదే కొలత. ఇంట్లో అయితే వేయించిన గింజలు ఐదారు ఇచ్చి, సరిగ్గా 20 సార్లు నమిలాక గిన్నెలో ఉమ్మమనండి. నోరు పుక్కిలించిన నీళ్లూ అందులోనే పోయించి, రవ్వ జల్లెడలో వేసి పైనుంచి నీళ్లు పోయండి. పైన మిగిలినవి ఆరబెట్టి ఫొటో తీసి పెట్టుకోండి. నీళ్లు తాగినా పొలమారే మనిషైతే మాత్రం గింజలు అసలు ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి.

కడప నుంచి ఒకరు: రెండు రంగుల చూయింగ్ గమ్‌తో కూడా చేస్తారట కదా?

డాక్టర్: చేస్తారు. రెండు రంగులు ఎంత కలిశాయో కంప్యూటర్‌లో చూస్తారు. కానీ మామూలు గమ్ కట్టుడు పళ్లకు అంటుకుంటుంది. జపాన్‌లో గ్లూకోజ్ ఉన్న జెల్లీని 20 సెకన్లు నమిలించి, 10 మిల్లీలీటర్ల నీళ్లతో పుక్కిలించమంటారు. ఆ నీళ్లలో గ్లూకోజ్ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములకు తగ్గితే నమిలే శక్తి తగ్గినట్టు.

తాడిపత్రి: చేసి చూశాము సార్. నాన్నవి సగానికి పైగా జల్లెడ మీదే ఉన్నాయి. సొంత పళ్లున్న అమ్మవి దాదాపు అన్నీ దిగిపోయాయి.

డాక్టర్: అమ్మతో పోల్చి భయపడకండి. పూర్తి సెట్టుతో కొరికే బలం సొంత పళ్లతో పోలిస్తే నాలుగో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. ఆయన్ని ఆయనతోనే పోల్చాలి. కొన్ని వారాలు చిన్న ముక్కలు చేసి ఇవ్వండి, రెండు పక్కలా నమలమనండి. తర్వాత అదే జల్లెడతో, అవే 20 నమలింపులతో మళ్లీ చూడండి. మార్పు లేకపోయినా, ఎక్కడైనా ఒరుసుకుంటున్నా సెట్టు సరిచేయించాలి, ఇంట్లో ఆకురాయితో గీకొద్దు. డాక్టర్ దగ్గరికి పోయే ముందు రోజు నొప్పిగా ఉన్నా సెట్టు పెట్టుకోమనండి, పుండు ఎక్కడుందో అప్పుడే కనిపిస్తుంది. ఉబ్బరానికి వేరే కారణాలూ ఉంటాయి, దానికి జనరల్ డాక్టర్‌కు విడిగా చూపించండి.